పండక్కి రాలేనివాళ్ళ ఆకు ఎవరికి వేద్దాం?



సంక్రాంతి సెలవులకు ముందు ప్రతి ఏడూ ఆరో తరగతి పిల్లల్ని ఒక లెక్క అడుగుతాను. "పండగరోజు మీ ఇంట్లో ఎన్ని ఆకులు వేస్తారు?" అని. ఈసారి ఒక పిల్ల లేచి "ఆరు సార్" అనింది. కూర్చోబోయి మళ్ళీ లేచి, "కాదు సార్, నాలుగు. నాయనకు డ్యూటీ. అన్న బెంగళూరు నుంచి రాలేడంట" అనింది. ఆ పిల్ల చెప్పినాక ఇంకా చాలామంది తమ లెక్కలు దిద్దుకున్నారు.

కారణాలు మీకు తెలియనివి గావు. ఒరగడం, శ్రీపెరుంబుదూరు, శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులు. బస్సు డ్రైవర్లకు, నర్సులకు, పోలీసులకు పండగనాడే పని ఎక్కువ. చుట్టాలు సరిహద్దుకు అటుపక్క ఉంటే ఇంకొక చిక్కు. ఆంధ్రలో బడులకు సంక్రాంతి సెలవులు వారం పైగా ఇస్తారు, మనకు మూడు నాలుగు రోజులే. సత్యవేడు ఎంత దూరమని? అయినా సెలవులు కలవవు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇంటికి రాలేని మనిషి ఆకును మడిచి లోపల పెట్టేయవద్దు. దాన్ని ఇంకొకరికి వేయండి. ఎవరికి వేయాల, ఎట్ల వేయాల, ఎట్ల వేయగూడదు అనేది కింద వివరిస్తాను. దీంతో బిడ్డ రాలేదనే దిగులు పోతుందని చెప్పను. పోదు. అయితే పండగ మాత్రం ఆగిపోదు.

2020 ఉగాది

ఈ ఆలోచన నాది గాదు, నా భార్యది. 2020 మార్చి 25 శార్వరి నామ ఉగాది. ముందురోజు రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడినారు. ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా లాక్‌డౌన్. మా కూతురు హైదరాబాదులో ఉండింది. మా అమ్మ సత్యవేడు దగ్గర తమ్ముడింట్లో ఉండింది. ఊత్తుకోట దాటితే ఆంధ్ర. రోజూ పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, పెళ్ళి సంబంధాలవాళ్ళు తిరిగే ఆ దారికి అడ్డం పడింది.

నా భార్య అప్పటికే ఆరుమందికని ఓళిగలకు శనగబేడలు నానబెట్టి ఉండింది. తెల్లారి చూస్తే ఇంట్లో మేమిద్దరమే. "ఇన్ని ఎవరికి? సగం చెయ్యి చాలు" అన్నాను. "చేసేది నా పని. ఎవరికో చూసేది మీ పని" అనింది. అన్నీ చేసింది. పక్కింట్లో కొడుకు రాలేకపోయిన ముసలి దంపతులకు కొన్ని గోడమీద పెట్టి, దూరంగా నిలబడి పిలిచినాను. వీధి చివర కాపలా కాస్తా ఉన్న కానిస్టేబుళ్ళకు కొన్ని ఇచ్చినాను. వాళ్ళలో ఒకతను తిరునెల్వేలి పక్కవాడు. ఆ అబ్బాయి గూడా ఇంటికి పోలేనివాడే.

సాయంత్రం కూతురు ఫోన్ చేసి, "నాయనా, నా ఓళిగ ఎవరు తిన్నారు?" అని అడిగింది. చెప్పినాను. నవ్వింది. తర్వాత తనూ చెప్పింది, తానుండే చోట వాచ్‌మన్ పిల్లలకు ఉగాది పచ్చడి పోసి, అదేందో వివరించి చెప్పినానని. అంతకుముందు ఏడాదుల్లో ఫోన్లో మా మాటలన్నీ "ఏం వండినారు, ఎట్లుండారు" దగ్గరే ఆగిపోయేవి. ఆరోజు అరగంట మాట్లాడుకున్నాం. అప్పటినుంచి మా ఇంట్లో పండక్కి రాలేనివాళ్ళు అడిగే మొదటి మాట అదే: "నాది ఎవరు తిన్నారు?"

అదే సమయంలో మనకంటే పెద్ద కష్టం పడినవాళ్ళున్నారు. శ్రీకాకుళం పక్కనుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయిన తెలుగు జాలర్లు వేలమంది అక్కడే చిక్కుకుని, ఏప్రిల్ చివరలోగాని బస్సులెక్కలేకపోయినారు. మన తిరువళ్ళూరు జిల్లా ఇటికల బట్టీల్లో ఒడిశా కుటుంబాలు ఆగిపోయినాయి. ఊళ్ళకు పోవడానికి శ్రామిక్ రైళ్ళు మొదలైందే మే 1న. పండక్కి ఇల్లు చేరలేకపోవడం మన ఒక్కరి కత గాదు.

బయటికిచ్చే భాగం మన పండగల్లో ముందునుంచే ఉండాది

దానం అంటే పిల్లలకు పెద్ద పెద్ద ధనవంతులు గుర్తొస్తారు. పండగల్ని కొంచెం విప్పి చూస్తే, ప్రతి దాంట్లోనూ ఇంటి గడప దాటిపోయే భాగం ఒకటి కనబడతాది.

సంక్రాంతికి హరిదాసు తలమీది పాత్రలో బియ్యం పోసేది పిల్లల చేతే. గంగిరెద్దులవాళ్ళకు పాత గుడ్డలు, ధాన్యం. కొత్త పంట ఇంటికి రాగానే దాంట్లో కొంత బయటికి పోవాల. కనుమనాడు గొడ్లకు భాగం. పెరటాసి శనివారాల్లో మన పిల్లలు నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని "గోవిందా" అంటూ నాలుగిళ్ళు తిరిగి బియ్యం తెస్తారు గదా. ఇంట్లో బియ్యం లేకనా? గాదు. ఒకరి దగ్గర చెయ్యి చాపడం ఎట్లుంటాదో ఒక్కరోజైనా బిడ్డకు తెలియాలని నేను అర్థం చేసుకుంటాను. ఆడి నెలలో పెరియపాళెం భవానీ అమ్మవారి పేరున మన ఊళ్ళలో అంబలి పోసేటప్పుడు ఎవరు ఏ ఇంటివాళ్ళని అడగరు. చెంబు తెచ్చినవాళ్ళకు పోస్తారు.

రంజాన్‌లో ఈద్ నమాజుకు ముందే ఫిత్రా ఇచ్చేయాల. దాని లెక్క చాలా బాగుంటాది. సంపాదించేవాళ్ళ లెక్కన గాదు, ఇంట్లో ఉన్న తలల లెక్కన. పొత్తిళ్ళలో బిడ్డకు గూడా ఒక కొలత తిండిగింజలు తీసిపెడతారు. ఆ పండగనాడు ఎవరి ఇంటా పొయ్యి వెలగకుండా ఉండకూడదనేది ఉద్దేశం.

పడమటి ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పున్నమికి ఛేర్‌ఛేరా అనే పండగ ఉంది. కోతలైనాక వచ్చే ఆ రోజు పిల్లలు సంచులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కొత్త వడ్లు అడుగుతారు. మన పెరటాసి గోవిందకు అక్కచెల్లెలు లాంటిది. మన పక్క బట్టీల్లో ఇటికలు కోసే కుటుంబాల్లో చాలామంది ఆ సీమవాళ్ళే. కార్తీకం, మార్గశిరం ప్రాంతంలో వచ్చి ఎండాకాలం చివరిదాకా ఉంటారు. అంటే తమ పంట పండగ నాటికి వాళ్ళు ఇంట్లో ఉండరు, మన ఊళ్ళో ఉంటారు. వాళ్ళ పిల్లలకు ఆ రోజు తిరగడానికి ఇళ్ళు లేవు. ఈ సంగతి నాకు తెలిసిన తర్వాత సైకిలుమీద ఆ దారిన పోయేటప్పుడు ముందటిలా చూడలేకపోయినాను.

"బతికుండే బిడ్డ పేరున పెట్టొచ్చునా?"

ఈ మాట మా అమ్మే అడిగింది. సంక్రాంతి పెద్దల పండగ. పోయినవాళ్ళను తలుచుకుని బట్టలు పెట్టుకుంటాం, వాళ్ళ పేరున అన్నం పెడతాం. "రాలేదని బతికుండే మనిషి ఆకు ఇంకొకరికి వేస్తే అపశకునం గాదా?" అనింది. చాలా ఇళ్ళల్లో అవ్వలు ఇదే అడుగుతారు, కాబట్టి జవాబు చెప్పాల.

మన తిరుమలను చూడండి. అక్కడ నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న మొదలైంది. దానికి చందా కట్టేవాళ్ళలో ఎంతోమంది బిడ్డ పుట్టినరోజనో పెళ్ళిరోజనో కడతారు. అవన్నీ బతికుండేవాళ్ళ పేర్లే, చల్లగా ఉండాలనే. ఇప్పుడు అక్కడి అన్నప్రసాద భవనానికి పెట్టింది తరిగొండ వెంగమాంబ పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో మన పక్క చిత్తూరు సీమలో పుట్టిన ఆ తల్లి చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, తిరుమల చేరి, ఒకపక్క కావ్యాలు రాస్తూ ఇంకొకపక్క యాత్రికులకు అన్నం పెట్టింది. ఇంట్లో వడ్డించడానికి మనుషులు లేనిచోట ఊరికే వడ్డించింది.

మా అమ్మకు ఇదంతా చెబితే, "అట్లయితే ఆకు అనొద్దు, వాడి వంతు అను" అనింది. సరే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఏ మాట సరిపోతే ఆ మాటే అనుకోండి.

నేను చేసిన తప్పు

ఇది చెప్పడం నాకు సులభం గాదు. ఎట్ల ఇవ్వగూడదో పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక బిడ్డను బాధపెట్టి నేర్చుకున్నాను. కాబట్టి చెప్పాల.

చాలా ఏళ్ళ కిందట, ఇంకొక బడిలో పనిచేసేటప్పుడు, సంక్రాంతికి కొందరు పెద్దమనుషులు కొత్త బట్టలు ఇచ్చినారు. నేనే జాబితా రాసినాను. పొద్దున ప్రార్థన అయినాక పిల్లలందరి ముందర ఒక్కొక్క పేరూ పిలిచి ఇప్పించినాను. ఫోటో గూడా తీసినాం. ఏడో తరగతి పిల్ల ఒకతె పేరు పిలిస్తే తల వంచుకుని వచ్చి తీసుకుని పోయింది. సిగ్గు అనుకున్నాను. మర్నాటి నుంచి బడికి రాలేదు. నాలుగోరోజు వాళ్ళ అవ్వ వచ్చింది. బట్టల పొట్లం విప్పకుండా నా బల్లమీద పెట్టి, "అయ్యా, మేము అడగలేదు గదా" అని ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

నేను వాళ్ళింటికి పోయి తప్పైందని చెప్పుకున్నాను. పిల్ల మళ్ళీ వచ్చింది. అయితే నా ఎదురుగా పడకుండా వేరే వరండాలో నడిచేది. ఏడాది ఆఖరిదాకా అంతే.

మన రాష్ట్రంలో 1956లో కామరాజుగారు ముఖ్యమంత్రిగా ఉండగా బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు ఊరివాళ్ళ చందాలు గూడా దానికి ఆధారం. అక్కడ ఎవరి పేరూ పిలవలేదు. పిల్లలందరూ ఒకే వరసలో కూర్చుంటే ఆకలి ఎవరిదో ఎవరికీ కనబడదు. ఆ పద్ధతి కళ్ళముందరే ఉండి నేను చూడలేకపోయినాను.

అందుకని మూడు మాటలు గుర్తు పెట్టుకోండి.

మొదటిది, ముందు అడగండి. "మీకేం కావాల?" అని గాదు, అట్ల అడిగితే ఎవరూ చెప్పరు. "పండక్కి మా ఇంట్లో ఎక్కువ చేస్తున్నాం, మీరు తింటారా? ఎప్పుడు తేవాల?" అని అడగండి.

రెండోది, మీరు తినేదే ఇవ్వండి. చిరిగిన గుడ్డ, తేదీ దాటిన బిస్కెట్టు దానం గాదు, ఇల్లు శుభ్రం చేసుకోవడం. అది భోగి పని.

మూడోది, ఫోటో వద్దు. పిల్లల ఆశ్రమాలకు పోతే ఇది మర్యాద ఒక్కటే గాదు, చట్టం గూడా. రక్షణ అవసరమైన పిల్లలు ఎవరో తెలిసేటట్టు ఫోటోగాని వివరంగాని బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధించింది. మీ ఫోన్లో పెట్టే స్టేటస్‌కు గూడా ఈ జాగ్రత్త పాటించండి.

ఎవరికి, ఏమి?

దూరంగా పోవాల్సిన పని లేదు. దగ్గరినుంచి మొదలుపెడదాం.

మన వీధిలోనే ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. బిడ్డలు మద్రాసులోనో అమెరికాలోనో ఉంటారు. వీళ్ళకు డబ్బు కొరత ఉండకపోవచ్చు. ఇంత పొంగలి గిన్నెలో పెట్టి, గుమ్మంలో ఇచ్చి పరిగెత్తి వచ్చేస్తే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. లోపలికి పోయి కూర్చోండి. ఇంకా మంచి పని, వాళ్ళు పెట్టింది మీరు తినండి. వండి పెట్టడానికి మనిషి లేకపోవడమే వాళ్ళ కొరత. వాళ్ళింట్లో ఒక ఆకు వేయించుకోవడం గూడా ఇవ్వడమే.

బట్టీల్లో ఉండే కుటుంబాలు. వాళ్ళూ అన్నం తినేవాళ్ళే. మన చద్దన్నం లాగ వాళ్ళు పఖాళ్ అని నీళ్ళలో నానిన అన్నం తింటారు. వండిన పదార్థాలకంటే పచ్చిబియ్యం, బెల్లం, పెసరపప్పు, నూనె ఇస్తే తమ పద్ధతిలో వండుకుంటారు. వండిందే ఇవ్వాలంటే రెండు మూడు గంటల్లో తినేటట్టు ఉండాల, పొద్దున వండింది సాయంత్రం ఇవ్వొద్దు. పిల్లలు ఒక్కరే పోగూడదు. పెద్దవాళ్ళతో, అక్కడ పనిచేయించేవాళ్ళకు ముందే చెప్పి పోవాల.

పండగనాడు డ్యూటీలో ఉండేవాళ్ళు. బస్సు కండక్టరు, ఆరోగ్య కేంద్రం నర్సు, కరెంటు ఆఫీసు మనిషి. మీ నాయన ఏదో ఊళ్ళో డ్యూటీలో ఉంటే, మన ఊళ్ళో డ్యూటీ చేసేది ఇంకెవరి నాయనో.

ఊరికి రాలేని అన్నలు, అక్కలు తామున్నచోటే చేయగలిగింది ఒకటుంది, రక్తదానం. వయసు 18 నిండాల, బరువు కనీసం 45 కిలోలు ఉండాల, ఆరోగ్యంగా ఉండాల. మగవాళ్ళు మూడు నెలలకు ఒకసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. వరసగా సెలవులొస్తే కాలేజీల్లో, కంపెనీల్లో శిబిరాలు జరగవు. ఆసుపత్రిలో అవసరం మాత్రం సెలవు తీసుకోదు.

చివరగా, మన బడి పిల్లల చేతిలోనే ఉండే వస్తువు ఒకటి, తెలుగు చదవను రావడం. ఈ సీమలో ఇంట్లో తెలుగు మాట్లాడి తెలుగు అక్షరం రాని కుటుంబాలు ఎన్నో మీకే తెలుసు. 2006 చట్టం తర్వాత బడుల్లో తెలుగు చదివే పిల్లలు ఎట్ల తగ్గుతూ వచ్చినారో చూస్తానే ఉన్నాం. కళ్ళు మసకబారిన అవ్వకు ఎప్పటిదో ఒక ఉత్తరం, ఒక భాగవతం కత, పంచాంగంలో ఈ ఏటి ఫలం చదివి వినిపించండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఈ పని ఊళ్ళో మీరు తప్ప చేయగలిగినవాళ్ళు గూడా తక్కువ.

డబ్బు ఇచ్చేటట్టయితే

దూరంగా ఉండేవాళ్ళు డబ్బు పంపిస్తామంటారు. మంచిదే. అయితే ఒక పాత కత వినండి, మన పక్క ఊరిదే.

పచ్చయ్యప్ప ముదలియారు 1754లో పెరియపాళెంలో పుట్టినాడు. పుట్టేటప్పటికే తండ్రి లేడు. తల్లికి కుటుంబ స్నేహితుడొకరు ఆశ్రయమిచ్చినారు. తర్వాత మద్రాసు చేరి, దుబాసీగా పనిచేసి, చిన్నవయసులోనే గొప్ప ధనం సంపాదించినాడు. 1794లో నలభై ఏళ్ళకే పోతూ ఆస్తిలో పెద్ద భాగం ధర్మకార్యాలకు చెందాలని విల్లు రాసినాడు. అయితే ఆయన పోయినాక ఆ ధనం చుట్టూ తగాదాలు పడి, కోర్టులకెక్కి, ఏళ్ళకేళ్ళు గడిచిపోయినాయి. ఆ ధనంతో మద్రాసులో బడి తెరిచింది 1842లో. అంటే 48 ఏళ్ళు. ఇచ్చినవాడి మనసు బంగారమే. చేర్చాల్సిన చేతుల దగ్గర ఆలస్యమైంది.

కాబట్టి డబ్బు ఇచ్చేటప్పుడు మనసు ఒకటే చాలదు, లెక్క గూడా ఉండాల. ఫోన్లో వచ్చిన క్యూఆర్ కోడ్‌కు, ఏడుస్తున్న బిడ్డ బొమ్మకు వెంటనే పంపవద్దు. సంస్థ పేరు, చిరునామా విచారించండి. రసీదు అడగండి. ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వగూడదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాల. అయిదు చోట్లకు కొంచెం కొంచెం పంపేదానికంటే, తెలిసిన ఒక చోటికి ప్రతి పండక్కీ పంపేది మేలు. అప్పుడే వాళ్ళు ముందుగా ఆలోచన చేసుకోగలరు.

పిల్లలకు సెలవుల పని

ఈ సెలవుల్లో హోంవర్కు ఇదొక్కటే. మార్కులు లేవు.

ఒకటి. పండగరోజు మీ ఇంటికి ఎవరు రాలేకపోయినారో ఒక కాగితంమీద రాయండి.

రెండు. ఆ మనిషికి వారం ముందే ఫోన్ చేసి, "నీ వంతు ఎవరికి ఇద్దాం?" అని అడగండి. నిర్ణయం వాళ్ళదే గావాల. అప్పుడే వాళ్ళూ పండగలో ఉన్నట్టు.

మూడు. ఇవ్వడానికి మీరే పోండి, పెద్దవాళ్ళతో కలిసి. ఏమీ ఖర్చు పెట్టలేని ఇల్లయితే చదివి వినిపించే పని ఎంచుకోండి. అది ఏ మాత్రం తక్కువ గాదు.

నాలుగు. అదేరోజు సాయంత్రం ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పండి. వాళ్ళు అక్కడ ఏం చేసినారో అడగండి.

అయిదు. బడి తెరిచినాక దీన్ని తెలుగులో ఒక పేజీ రాసుకురండి. తీసుకున్నవాళ్ళ పేరు రాయొద్దు. "ఒక అవ్వ", "ఒక అన్న" అంటే చాలు. ఆ పేజీలు నేను ఒక్కడినే చదువుతాను, ప్రార్థనలో చదివించను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీలో కొందరి ఇంటికి ఈ ఏడాది ఎవరైనా ఏదైనా తీసుకుని రావొచ్చు. కాదనకండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఉండేది వాళ్ళకూ కొంచెం పెట్టండి. ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు అని రెండు రకాల ఇళ్ళు మన ఊళ్ళో ఉండగూడదు.

ఈ సంక్రాంతికి మా కూతురు గూడా రాలేనని చెప్పింది. తన వంతు ఎవరికో చెప్పమని అడిగినాను. రెండురోజులు ఆలోచించి చెబుతానంది.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

ప్రధానోపాధ్యాయుడు, వెంగల్